గెలిచినవాళ్లు కుర్చీ దిగరు: 74 వరస గెలుపుల లెక్క, మన సరిహద్దు ఊళ్ల క్విజ్‌కి నిబంధనలు

#1 · బరంపురం_బజర్ · ఆదివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగువాళ్లందరికీ కలిపి ఒక క్విజ్ పెడదామని ఆలోచన. ఎప్పుడూ జరిగే జట్ల క్విజ్ కాదు. ముగ్గురు కూర్చుంటారు. గెలిచినవాళ్లు కుర్చీలోనే ఉంటారు, ఓడిన ఇద్దరూ లేస్తారు, కొత్తగా ఇద్దరొస్తారు.

అమెరికా టీవీలో జెపర్డీ అనే క్విజ్ ఇలాగే నడుస్తుంది. కెన్ జెన్నింగ్స్ 2004 జూన్ 2న ప్రసారమైన ఆటతో మొదలెట్టి, నవంబర్ 30న ఓడేలోపు 74 ఆటలు వరసగా గెలిచాడు. మొత్తం 25,20,700 డాలర్లు. నాకు తెలిసి మన టీవీలో ఇలాంటిది లేదు. 2000 జూలై 3న మొదలైన కౌన్ బనేగా కరోడ్‌పతి గానీ, 2014లో నాగార్జునతో మొదలైన మీలో ఎవరు కోటీశ్వరుడు గానీ ఒక మనిషి ఒక్కసారి ఎక్కి దిగే నిచ్చెన. రేపు మళ్లీ వచ్చి గెలుపు నిలబెట్టుకోవడం ఉండదు.

నాకు తేల్చుకోవాల్సినవి నాలుగు: అంత పొడుగు వరస ఎలా సాధ్యం, మనం గెలుపులకి పరిమితి పెట్టాలా, బజర్ ఎలా చెయ్యాలి, ప్రశ్న ఏ భాషలో ఎలా రాయాలి. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

#2 · గుణుపురం_లెక్కలు · ఆదివారం ఉదయం 8:25

మొదటి ప్రశ్నకి లెక్క ఉంది బాబూ. ఒక ఆట గెలిచే అవకాశాన్ని ఒక అంకె అనుకుని, దాన్ని అన్నిసార్లు గుణించుకుంటూ పోవాలి.

ఒక్కో ఆటకి నూటికి 50 అవకాశం ఉన్నవాడు వరసగా 5 గెలవడం 32లో ఒకసారి. నూటికి 80 ఉంటే 5 గెలుపులు దాదాపు 33 శాతం. నూటికి 90 ఉంటే 59 శాతం. 90 అంటే చాలా గొప్పగా వినిపిస్తుంది కదా, అదే 90తో 74 గెలవాలంటే పదివేలలో నాలుగుసార్లు మాత్రమే జరుగుతుంది. 98కి వెళ్తే 22 శాతం. 99 అయితే దాదాపు 48 శాతం.

అంటే 90కీ 98కీ మధ్య ఉన్న ఆ ఎనిమిదిలోనే కథంతా ఉంది. ఎక్కువ తెలిసినవాడు 90 దాకా వస్తాడు. ఆ తర్వాత పైకి తీసుకెళ్లేది తెలివి ఒక్కటే కాదు, చివరి ప్రశ్నలో అదృష్టానికి చోటు లేకుండా చేసుకోవడం.

#3 · రాయగడ_రైలుబండి · ఆదివారం ఉదయం 9:02

అదేటి మాస్టారూ, ఎదుటివాళ్లు బలహీనులైతే ఎవరైనా గెలుస్తారు కదా. రోజూ కొత్తవాళ్లు, ఆ స్టేజీ మొదటిసారి చూస్తున్నవాళ్లు. పాతకాపుకి అలవాటైన కుర్చీ. ఇందులో సగం ఆ కుర్చీ బలమే.

#4 · గుణుపురం_లెక్కలు · ఆదివారం ఉదయం 9:30

కుర్చీ బలం ఉంది, కాదనను. కానీ ఆ బలం ప్రతి విజేతకీ రెండో రోజు నుంచి దొరుకుతుంది. అయినా ఎక్కువమంది రెండు మూడు ఆటల్లోనే దిగిపోతారు. ఇంకోటి, అక్కడ ఒకే రోజు 5 ఆటలు రికార్డు చేస్తారు. మధ్యలో చొక్కా మార్చుకుని మళ్లీ వచ్చి నిలబడాలి. అయిదో ఆటలో ఎదురొచ్చేవాళ్లు అప్పుడే దిగినవాళ్లు, విజేత నాలుగు ఆటలాడి అలిసినవాడు. కుర్చీ ఎంత ఇస్తుందో, అలసట కొంత తీసుకుంటుంది.

అదృష్టానికి చోటు లేకుండా చేసుకోవడం అన్నాను కదా, అది చెప్తాను. జెపర్డీలో ఒక రౌండుకి 6 అంశాలు, అంశానికి 5 ప్రశ్నలు. రెండు రౌండ్లకి 60, చివర్లో ఒకటి, వెరసి 61. ఆ చివరి ప్రశ్నకి అంశం పేరు మాత్రం చూసి, తమ డబ్బులోంచి ఎంతైనా పందెం కాస్తారు. జవాబు రాయడానికి 30 సెకన్లు. చివరి ప్రశ్నకి వచ్చేసరికి నీ దగ్గర రెండో మనిషికి రెట్టింపు కంటే ఎక్కువ ఉంటే, అతను మొత్తం కాసి గెలిచినా నిన్ను అందుకోలేడు. నువ్వు చిన్న పందెం కాస్తే చాలు, ప్రశ్న తెలియకపోయినా గెలుపు నీదే. దీన్ని లాక్ అంటారు. జెన్నింగ్స్ తన ఆటల్లో అత్యధిక భాగం ఇలా తాళం వేసేశాకే చివరి ప్రశ్నకి వచ్చాడు.

#5 · కోరాపుట్_కాఫీ · ఆదివారం ఉదయం 10:15

ఓడిన ఆట ఇంకా ఎక్కువ నేర్పుతుంది. 75వ ఆటలో చివరి ప్రశ్నకి ముందు జెన్నింగ్స్ దగ్గర 14,400. రెండో స్థానంలో నాన్సీ జెర్గ్ దగ్గర 10,000. కాగితం తీసి లెక్క వేసి చూడండి.

ముందున్నవాళ్ల సూత్రం: రెండో మనిషి సొమ్ముని రెట్టింపు చెయ్యి, నీ సొమ్ము తీసెయ్యి, ఒకటి కలుపు. 20,000లోంచి 14,400 తీస్తే 5,600. ఒకటి కలిపితే 5,601. జెన్నింగ్స్ కాసింది సరిగ్గా 5,601.

వెనకున్నవాళ్ల సూత్రం: ముందున్న మనిషి సొమ్ము మీద ఒక్కటి ఎక్కువ వచ్చేలా కాయి. 14,401 కావాలంటే 4,401. జెర్గ్ కాసింది సరిగ్గా 4,401.

ఇద్దరూ తప్పు లేకుండా కాశారు. ఇక జవాబే తేల్చాలి. సీజన్‌కి తీసుకునే 70,000 మంది ఆఫీసు ఉద్యోగుల్లో చాలామంది ఏడాదిలో నాలుగు నెలలే పనిచేసే సంస్థ ఏదని ప్రశ్న. జవాబు హెచ్ అండ్ ఆర్ బ్లాక్, అంటే ఆదాయపన్ను రిటర్నులు నింపే సంస్థ. జెన్నింగ్స్ ఫెడెక్స్ అని రాశాడు, 8,799కి దిగాడు. ఆమె 14,401తో గెలిచింది.

కానీ ఓటమి అక్కడ మొదలవలేదు. రెండో రౌండులో రెండు డైలీ డబుల్స్, అంటే దొరికిన మనిషి ఒక్కడే పందెం కాసి జవాబు చెప్పే ప్రశ్నలు, రెండూ అతనికే దొరికాయి. రెండూ తప్పాడు. ఒకదాంట్లో 5,400, ఇంకోదాంట్లో 4,800. మొత్తం 10,200 పోయింది. ఆ సొమ్ము చేతిలో ఉండుంటే 24,600. జెర్గ్‌కి రెట్టింపు 20,000. తాళం పడిపోయేది, ఫెడెక్స్ అని రాసినా 75వ గెలుపు వచ్చేది.

#6 · రాయగడ_రైలుబండి · ఆదివారం ఉదయం 10:40

ఇది అయిపోయాక చెప్పే లెక్క. ఆ రెండు ప్రశ్నలు వచ్చే సమయానికి ఎదుటివాళ్ల దగ్గర ఎంతుందో, బోర్డు మీద ఇంకా ఎన్ని మిగిలాయో చూడకుండా కాయకుండా ఉండాల్సింది అనలేం.

#7 · కోరాపుట్_కాఫీ · ఆదివారం ఉదయం 11:05

ఒప్పుకుంటున్నాను. అప్పుడు కాయడం తప్పు అనడం లేదు. పది ప్రశ్నల్లో ఎనిమిది సరిగ్గా చెప్పేవాడికి ప్రతి పందెంలోనూ సగటున 60 శాతం లాభం. 8 సార్లు వస్తుంది, 2 సార్లు పోతుంది, తేడా 6. కాబట్టి ఆట మొదట్లో పెద్దగా కాయాలి. నేననేది, వరస తెగేది చివరి ప్రశ్న దగ్గర కనిపిస్తుంది గానీ, దానికి గండి ముందే పడుతుంది.

మొదట్లో పెద్దగా కాయడం ఎలాగో జేమ్స్ హోల్‌జావర్ చూపించాడు, 2019లో. అందరూ పైన ఉన్న తక్కువ విలువ ప్రశ్నతో మొదలుపెడితే అతను అడుగున ఉన్న ఎక్కువ విలువ వరస ఎంచుకునేవాడు. ముందు సొమ్ము పోగవుతుంది. డైలీ డబుల్ ఎక్కువగా కింది వరసల్లోనే ఉంటుంది, నాలుగో వరసలో మరీ ఎక్కువ, పై వరసలో బహు అరుదు. అది దొరికేసరికి కాయడానికి చేతిలో సొమ్ముంటుంది. చాలాసార్లు ఉన్నదంతా కాసేవాడు. 32 గెలుపులకి 24,62,216 డాలర్లు. ఆటకి సగటు 76,944. జెన్నింగ్స్ సగటు 34,063. ఒకే ఆటలో 1,31,127 కూడా తీశాడు.

కానీ వరస పొడుగు చూస్తే 74 ఎక్కడ, 32 ఎక్కడ. ఆట సొమ్ము ఒకటి, ఆట గెలుపు వేరొకటి. మన క్విజ్‌లో దేనికి బహుమతి ఇస్తామో ముందే తేల్చుకోవాలి. మొత్తం పాయింట్లకిస్తే జనం హోల్‌జావర్‌లా ఆడతారు, గెలుపుల సంఖ్యకిస్తే జెన్నింగ్స్‌లా ఆడతారు.

#8 · సిరోంచ_ప్రాణహిత · ఆదివారం మధ్యాహ్నం 12:20

గడ్చిరోలి దిక్కుకెల్లి రాస్తున్న. మస్తు మంచిగ చెప్పిన్రు. ఒక్కటి అడుగుత. హోల్‌జావర్ ఓడిన ఆటల చివరికి 1,399 మాత్రమే కాసిండు గదా. భయపడ్డడని చాలామంది అన్నరు. అది నిజమేనా?

#9 · కోరాపుట్_కాఫీ · ఆదివారం మధ్యాహ్నం 12:50

భయం కాదన్నా, అది చక్కటి పందెం. ఎమ్మా బెట్‌చర్ దగ్గర 26,600, హోల్‌జావర్ దగ్గర 23,400, మూడో మనిషి దగ్గర 11,000. ముందున్న ఆమె పైన చెప్పిన సూత్రం ప్రకారమే కాస్తుందని అతనికి తెలుసు. 46,800లోంచి 26,600 తీసి ఒకటి కలిపితే 20,201. ఆమె అంతే కాసింది. ఆమె సరిగ్గా చెబితే ఇతను ఏం కాసినా ఓటమే. కాబట్టి ఇతను గెలిచే దారి ఒక్కటే, ఆమె తప్పాలి. అప్పుడు ఆమె 6,399కి పడిపోతుంది. మిగిలే ప్రమాదం మూడో మనిషి, అతను అంతా కాసి 22,000 చేస్తే? 23,400లోంచి 1,399 పోయినా 22,001 మిగులుతుంది. ఒక్క డాలరు పైన. తాను తప్పినా గెలిచేలా కాశాడు. షేక్‌స్పియర్ నాటకంలో ఒక వాక్యం ఏ రచయిత అకాల మరణాన్ని సూచిస్తుందని ప్రశ్న, జవాబు మార్లో. ఆమె సరిగ్గా చెప్పి 46,801తో గెలిచింది. అతను కూడా సరిగ్గానే చెప్పి 24,799 దగ్గర ఆగాడు.

#10 · సిరోంచ_ప్రాణహిత · ఆదివారం మధ్యాహ్నం 1:10

గిప్పుడు సమజైంది.

#11 · జయపురం_సోల్డర్ · ఆదివారం సాయంత్రం 4:30

బజర్ సంగతి నేను రాస్తాను. ముందు జెపర్డీలో ఎలా ఉంటుందో చూడాలి, ఎందుకంటే గెలుపు సగం అక్కడే ఉంది. యాంకర్ ప్రశ్న చదివేటప్పుడు బటన్ చచ్చి ఉంటుంది. చదవడం పూర్తవగానే పక్కనున్న మనిషి స్విచ్ వేస్తాడు, బోర్డు పక్కన దీపాలు వెలుగుతాయి, అప్పుడు బటన్ పనిచేస్తుంది. తొందరపడి ముందే నొక్కితే పావు సెకను తాళం. ముగ్గురికీ జవాబు తెలిసిన ప్రశ్నలో పావు సెకను అంటే అయిపోయినట్టే. అందుకే ఒకసారి నొక్కి ఆగరు, వరసగా నొక్కుతూనే ఉంటారు.

మనకి ఈ పావు సెకను తాళం తప్పక కావాలి. అది లేకపోతే ప్రశ్న సగంలోనే గంట మోగుతుంది, సభలో మిగతావాళ్లకి ప్రశ్నే వినపడదు.

సామాను: ఆర్డువినో నానో (ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) 1, గేమ్ పార్లర్లలో వాడే పెద్ద బటన్లు 3, యాంకర్ పక్క మనిషికి ఒక స్విచ్, ఎల్ఈడీలు 4, వాటికి 330 ఓమ్ రెసిస్టర్లు 4, ఒక చిన్న పీజో బజర్, నెట్‌వర్క్ కేబుల్ 10 నుంచి 15 మీటర్లు. బటన్ల తీగలు డీ8, డీ9, డీ10 పిన్నులకి, స్విచ్ డీ11కి. డీ13కి బటన్ కలపకండి, బోర్డు మీదున్న ఎల్ఈడీ దానికే ఉంటుంది, చిప్ లోపలి పుల్అప్ (నొక్కనప్పుడు పిన్నుని 5 వోల్టుల దగ్గర నిలిపే రెసిస్టర్) పెడితే రీడింగ్ తప్పుతుంది.

ఇక ఎక్కడ చెడుతుందో చెప్తాను.

ఒకటి, పొడుగు తీగ. లోపలి పుల్అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు, చాలా బలహీనం. అయిదారు మీటర్ల తీగ పక్కన ఫ్యాను రెగ్యులేటరో, మైకు ఆంప్లిఫయరో ఉంటే ఎవరూ నొక్కకుండానే దీపం వెలుగుతుంది. ప్రతి బటన్ పిన్నుకీ 5 వోల్టుల వైపు బయట 2.2 కిలో ఓమ్ రెసిస్టర్, గ్రౌండ్ వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. కేబుల్‌లో జతగా మెలేసిన రెండు తీగల్లో ఒకటి బటన్‌కి, రెండోది గ్రౌండ్‌కి. ఒక్కో బటన్‌కి ఒక్కో జత.

రెండు, ఇది పైకి కనిపించని అన్యాయం. చాలామంది ప్రోగ్రాములో మొదటి బటన్ చూసి, తర్వాత రెండోది, తర్వాత మూడోది చూస్తారు. మధ్యలో తెర మీద రాయడమో, డిలే పెట్టడమో చేస్తే ఒక్కో చుట్టుకి పదుల మిల్లీ సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో ముగ్గురూ నొక్కితే ప్రతిసారీ మొదటి కుర్చీకే పడుతుంది. మన ఆటలో విజేత ఎప్పుడూ ఒకే కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీ మొదటిదైతే వరస గెలుపులు మనిషివో, ప్రోగ్రామువో తెలీదు. కాబట్టి ఆ పిన్నులున్న పోర్టు మొత్తాన్ని ఒకే ఆదేశంతో చదవండి. లూపులో డిలే వద్దు, మిల్లీస్ అనే ఆదేశంతో సమయం కొలవండి. నిజంగా ఒకే రీడింగులో ఇద్దరు పడితే చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా తీయించండి. ఆటకో కుర్చీ మార్చినా మంచిదే.

మూడు, పవర్ బ్యాంకు. నానో లాగే కరెంటు చాలా తక్కువ. చాలా పవర్ బ్యాంకులు అంత తక్కువ లోడు చూసి ఏమీ లేదనుకుని అర నిమిషంలో ఆగిపోతాయి. ఆట మధ్యలో బజర్ చచ్చిపోతుంది, అందరూ తీగలు లాగి చూస్తారు. ఫోను చార్జరుతో నడపండి, కరెంటు పోయే ఊరైతే ఇన్వర్టర్ మీద పెట్టండి.

#12 · బరంపురం_బజర్ · ఆదివారం సాయంత్రం 5:05

అన్నా, కుర్చీ సంగతి ఎవరూ చెప్పరు, మంచి మాట. బటన్ బల్ల మీద బిగించాలా, చేతిలో పట్టుకునేలా ఇవ్వాలా?

#13 · జయపురం_సోల్డర్ · ఆదివారం సాయంత్రం 5:40

చేతిలో పట్టుకునేలాగే. బల్ల మీద ఉంటే చెయ్యి పైకి లేచి దిగుతుంది, ఆ దూరమే సమయం తినేస్తుంది. అర అంగుళం పీవీసీ గొట్టం, జానెడు ముక్క, పైన మూతకి కన్నం చేసి చిన్న పుష్ బటన్ బిగించండి. అప్పుడు పెద్ద బటన్ల ఖర్చు కూడా ఉండదు. గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని బొటనవేలి కొస బటన్ మీద ఆనించి ఉంచాలి, వేలు గాలిలో ఉండకూడదు. రెండో చేత్తో పట్టుకున్న చేతిని బల్లకి ఆనిస్తే వణుకు తగ్గుతుంది. తీగ గొట్టంలోకి దూరే చోట లోపల ఒక ముడి వెయ్యండి, లాగితే సోల్డర్ ఊడదు.

ఇంట్లో సాధన చేసేవాళ్లు ప్రశ్న చదివే మనిషి గొంతుకి అలవాటు పడాలి. దీపం చూసి నొక్కితే కన్ను చూసి వేలు కదలడానికి అయిదో వంతు సెకను దాకా పోతుంది. చివరి అక్షరం పడే లయ పట్టుకుని నొక్కేవాడు దానికంటే ముందుంటాడు. తప్పితే తాళం. రెండూ సాధన చేసి ఏది తనకి కుదురుతుందో చూసుకోవాలి.

#14 · పర్లాకిమిడి_పుటలు · ఆదివారం రాత్రి 8:15

చివరి అక్షరం లయ అన్నారు కాబట్టి భాష సంగతి ఇక్కడే చెప్తాను. ఇంగ్లీషులో ప్రశ్న పదం ముందే వస్తుంది. తెలుగులో చివర వస్తుంది. "1894లో బరంపురంలో పుట్టి, 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి రాష్ట్రపతి అయిన" అని చదవగానే అందరికీ వి.వి. గిరి అని తట్టేస్తుంది. తీరా "నాయకుడి పుట్టినరోజు ఏది?" అని ముగిస్తే ఆగస్టు 10 చెప్పాలి. వేలు అప్పటికే నొక్కేసి ఉంటుంది. ఇది తెలివికి పరీక్ష కాదు, వలపన్నడం.

జెపర్డీ ప్రశ్నలు ఎలా రాస్తారో చూడండి. అవి ప్రశ్నలు కావు, ఆనవాళ్లు. ప్రతి ఆనవాలులోనూ "ఈ దేశం", "ఈ రచయిత", "ఈ లోహం" అని ఒక్కచోట ఉంటుంది. ఆడేవాళ్లు ముందు ఆ "ఈ"ని వెతుక్కుంటారు. అడుగుతున్నది ఊరా, మనిషా, ఏడాదా అని అక్కడే తేలిపోతుంది. మన తెలుగుకి ఇది ఎంత బాగా నప్పుతుందో! వాక్యం మొదట్లోనే పెట్టొచ్చు: "ఈ నదికి ఒడిశాలో లాంగుల్య అని పేరు, శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తుంది." మొదటి పదం వినగానే నది అని తెలిసింది, చివరిదాకా వింటే నాగావళి అని తేలింది. ప్రశ్న పదం కోసం ఎదురుచూడక్కర్లేదు. జవాబుని మళ్లీ ప్రశ్నలా చెప్పే వాళ్ల నియమం మాత్రం మనకి వద్దు. "నాగావళి అంటే ఏమిటి" అని ఎవరూ మాట్లాడరు.

రెండో సంగతి, రెండు పేర్లు. మన సరిహద్దు నదులకి ఎగువన ఒక పేరు, దిగువన ఒక పేరు. నాగావళి, లాంగుల్య ఒకటే. కొలాబ్, శబరి ఒకటే. మాచ్‌ఖండ్ దిగువకొస్తే సీలేరు. జవాబు కాగితంలో ఒప్పుకునే పేర్లన్నీ ముందే రాసి ఉండాలి. గుణుపురం కుర్రాడు లాంగుల్య అంటే, బరంపురం న్యాయనిర్ణేత కాదంటే, అక్కడ ఆట ఆగిపోతుంది.

మూడోది, అక్షరాల మీద ఆధారపడ్డ ఆనవాలు లిపి దాటదు. 40 ఆటలు గెలిచిన అమీ ష్నైడర్ వరస 2022 జనవరి 26న తెగింది. ఇంగ్లీషు పేరు హెచ్ అక్షరంతో ముగిసే ఒకే ఒక దేశం, జనాభాలో మొదటి పదిలో ఉన్నది. జవాబు బంగ్లాదేశ్. ఆమెకి తట్టలేదు. ఒడిశాలో ఉన్న మనకి పొరుగు దేశం, వెంటనే తట్టేలా ఉంది. అయినా దీన్ని తెలుగులో అడిగితే అర్థమే లేదు, మన లిపిలో ఆ పేరు "శ్"తో ముగుస్తుంది. ఇంగ్లీషు ప్రశ్నల కట్టలు తెచ్చి తెలుగు చేసేవాళ్లు ఇలాంటివి ముందే ఏరి పారేయాలి.

#15 · కోరాపుట్_కాఫీ · ఆదివారం రాత్రి 8:50

అమ్మా, ఆ ఆటలోనూ పందెం తప్పు లేదు చూడండి. ఆమె దగ్గర 27,600, ఎదుటివాడి దగ్గర 17,600. సూత్రం ప్రకారం 7,601 కావాలి, 8,000 కాసింది. 19,600కి దిగింది. ఎదుటివాడు 12,000 కాసి 29,600 చేశాడు. పదివేలు ముందున్నా తాళం పడలేదు, అదీ సమస్య.

#16 · పర్లాకిమిడి_పుటలు · ఆదివారం రాత్రి 9:20

పాత కట్టలు పాడవడం గురించి కూడా రాయాలి. జెన్నింగ్స్ మొదటి ఆటలో చివరి జవాబు మరియన్ జోన్స్, ఒకే ఒలింపిక్స్‌లో అయిదు వేర్వేరు పోటీల్లో పతకాలు తెచ్చిన తొలి మహిళా అథ్లెట్ అని. అతను ఇంటిపేరు జోన్స్ మాత్రమే రాశాడు, ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే 74 అనే మాటే ఉండేది కాదు. ఇక్కడ రెండు పాఠాలు. ఇంటిపేరు చాలా, పూర్తి పేరు కావాలా అనేది ఆటకి ముందే చెప్పాలి. రెండు, 2007లో ఆమె ఆ సిడ్నీ ఒలింపిక్స్ పతకాలన్నీ వెనక్కి తీసుకున్నారు. 2004లో సరైన ఆనవాలు ఇవాళ తప్పు.

మన వైపు ఇలా పాడైనవి: ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 అని ఉన్న కట్టలు. 2022 ఏప్రిల్ 4తోనే అవి చెల్లిపోయాయి. ఒడిశాని ఒరిస్సా అని రాసినవి, 2011కి ముందువి. ఒడిశాలో ఎత్తైన శిఖరం మహేంద్రగిరి అని రాసినవి ఎప్పుడూ తప్పే. మహేంద్రగిరి 1,501 మీటర్లు, కోరాపుట్ జిల్లా దేవమాలి 1,672. 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒడిశాకి తొలి ప్రధాని మన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి, 1937లో. అప్పట్లో ప్రధాని అనే అనేవారు. "తొలి ముఖ్యమంత్రి" అని అడిగితే జవాబు మారిపోతుంది, గొడవొస్తుంది. పదం చూసి వాడండి.

#17 · సిరోంచ_ప్రాణహిత · ఆదివారం రాత్రి 9:45

మా దిక్కు గిట్లనే. వార్ధా, వైన్‌గంగా కలిస్తె ప్రాణహిత. ప్రాణహిత గోదావరిల కలిసేది కాళేశ్వరం కాడ, నది గీ ఒడ్డున సిరోంచ. "ఏ ఊరి దగ్గర" అని అడిగితె మహారాష్ట్రల చదివినోళ్లు సిరోంచ అంటరు, తెలంగాణల చదివినోళ్లు కాళేశ్వరం అంటరు. రెండూ రాసుకోన్రి.

#18 · రాయగడ_రైలుబండి · సోమవారం ఉదయం 6:55

పరిమితి సంగతి ఎవరూ తేల్చలేదు. నా మాట: అయిదు గెలుపులకి ఆపాలి. లేకపోతే ఒక్కడే సాయంత్రం దాకా కూర్చుంటాడు, దూరం నుంచి బండెక్కి వచ్చినవాళ్లకి ఆట దొరకదు.

#19 · గుణుపురం_లెక్కలు · సోమవారం ఉదయం 7:30

జెపర్డీలోనూ 2003 దాకా అయిదు రోజుల పరిమితే. 2003 సెప్టెంబర్‌లో ఎత్తేశారు, ఏడాది తిరక్కుండా జెన్నింగ్స్ వచ్చాడు. అలాంటి పరిమితుల వెనక పాత చరిత్ర ఉంది. 1956-57లో ట్వెంటీ వన్ అనే టీవీ క్విజ్ ఆటలో చార్లెస్ వాన్ డోరెన్ వారాల తరబడి గెలుస్తూ దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. జవాబులు ముందే ఇచ్చారని తర్వాత బయటపడింది, 1959లో అతనే ఒప్పుకున్నాడు. 1960లో క్విజ్ ఆటల్లో ముందే ఫలితం నిర్ణయించడం అక్కడ చట్టరీత్యా నేరం అయింది. ఆ తర్వాత చాలాకాలం పొడుగు వరస అంటే జనానికి అనుమానమే.

కాబట్టి పరిమితి పెట్టినా పెట్టకపోయినా, అనుమానానికి తావివ్వకూడదు. ఆరు ఆటలకి సరిపడా ఎనిమిది కవర్లు సీలు వేసి ఉంచండి. ప్రతి ఆట ముందు సభలోంచి ఒక పిల్లని పిలిచి ఒక కవరు తీయించండి. ప్రశ్నలు రాసినవాళ్లు ఆ రోజు ఆడేవాళ్లతో మాట్లాడకూడదు, టీ దగ్గర కూడా.

పరిమితికి నా లెక్క ఇది. ఒక ప్రశ్నకి చదవడం, నొక్కడం, జవాబు, తీర్పు కలిపి 18 సెకన్లు. 30 ప్రశ్నలకి 9 నిమిషాలు. చివరి పందెం ప్రశ్నకి 3 నిమిషాలు, మనుషులు మారడానికి 8. ఆటకి 20 నిమిషాలు. రెండు గంటల్లో 6 ఆటలు. మొదటి ఆటకి ముగ్గురు, తర్వాత ప్రతి ఆటకీ ఇద్దరు కొత్తవాళ్లు, 13 మందికి చోటు. ఎవరు ఎన్నిసార్లు గెలిచినా ఈ 13 మారదు రైలుబండిగారూ. విజేత కూర్చున్నంత మాత్రాన ఎవరి ఆటా పోదు, అయిదుకి ఆపితే అదనంగా దొరికేది ఆ విజేత కుర్చీ ఒక్కటే.

#20 · రాయగడ_రైలుబండి · సోమవారం ఉదయం 7:50

13 అనేది నేను చూసుకోలేదు మాస్టారూ. అలాగైతే పరిమితి వద్దు. కానీ ప్రశ్నలు రాసే మనిషి ఒక్కరే అయితే మూడో ఆటకి విజేత ఆయన మనసు చదివేస్తాడు. పురాణాలంటే ఇష్టమా, క్రికెట్టా అని తెలిసిపోతుంది. కనీసం ముగ్గురు రాయాలి, ఒక్కో కవరులో ముగ్గురివీ కలపాలి.

#21 · పర్లాకిమిడి_పుటలు · సోమవారం ఉదయం 8:30

ముగ్గురం రాస్తాం. ఆటకి 31 చొప్పున 8 కవర్లకి 248. తీసేయాల్సినవి ఉంటాయి కాబట్టి 300 రాయాలి, మనిషికి 100. ప్రతి ఆనవాలూ తెలుగులో 20 పదాలు దాటకూడదు, దాటితే 18 సెకన్లలో పట్టదు. రాసినవాళ్లు కాక ఇంకొకరు గట్టిగా చదివి చూడాలి. కంటికి బాగున్నది నోటికి తిరగదు చాలాసార్లు. చివరి ప్రశ్న జవాబు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు ఏ లిపిలో రాసినా ఒప్పుకుందాం. చదివితే సరైన పేరు పలకాలి, అంతే. అక్షరం తప్పు లెక్కలోకి రాదు.

#22 · కోరాపుట్_కాఫీ · సోమవారం ఉదయం 9:10

పాయింట్లు: 6 అంశాలు, ఒక్కోదాంట్లో 10, 20, 30, 40, 50. బోర్డు మొత్తం 900. డైలీ డబుల్ లాంటి పందెం ప్రశ్నలు రెండు, 10, 20 పాయింట్ల వరసల్లో మాత్రం వద్దు, మూడు నుంచి అయిదు వరసల్లో దాచండి. ఒకే అంశంలో రెండూ పెట్టొద్దు. చివరి పందేనికి ప్రతి బల్ల మీదా తెల్ల కాగితం, పెన్సిల్ ఉంచండి, లెక్క వేసుకోవడానికి ఒక నిమిషం ఇవ్వండి. 30 సెకన్లలో రెట్టింపు చేసి తీసెయ్యమంటే కొత్తవాళ్లు కంగారులో మొత్తం కాసేస్తారు, అక్కడ ఓడిపోతారు. పైన రెండు సూత్రాలనీ పెద్ద అక్షరాలతో గోడకి అంటించినా తప్పు లేదు. ఆటని అందరూ ఒకే లెక్కతో ఆడితే, గెలిచినవాడు నిజంగా గెలిచినట్టు.

బహుమతి డబ్బు రూపంలో ఇస్తే ఒక మాట. క్విజ్ గెలుపుకి మామూలు ఆదాయం శ్లాబులు వర్తించవు, 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. పెద్ద మొత్తమైతే ఇచ్చేవాళ్లే కోసి కట్టాలి. మనలాంటి వాళ్లకి పుస్తకాలు ఇవ్వడం సులువు.

#23 · బరంపురం_బజర్ · సోమవారం ఉదయం 10:00

పుస్తకాలే ఇస్తాం. పరిమితి లేదు, బహుమతి గెలుపుల సంఖ్యకి, ఎనిమిది కవర్లు, ముగ్గురు రాసేవాళ్లు, ఆటకో కుర్చీ మార్పు. రాసుకున్నాను. సోల్డర్ అన్నా, ముగ్గురికీ గొట్టం బటన్లు మీరే చేసిస్తారా? సామాను డబ్బు ఇక్కడినుంచి పంపుతాం.

#24 · జయపురం_సోల్డర్ · సోమవారం ఉదయం 10:35

చేస్తాను. మూడు కాదు నాలుగు చేస్తాను, ఒకటి చేతిలో స్పేరు ఉండాలి. తీగల చివర నెట్‌వర్క్ సాకెట్ పెడతాను, ఒక గొట్టం చెడితే ప్లగ్గు పీకి ఇంకోటి పెట్టేయొచ్చు. మీరు హాల్లో బల్లకీ యాంకర్ బల్లకీ మధ్య దూరం టేపుతో కొలిచి పంపండి, నేల మీద తీగ నడిచే దారి వెంట కొలవాలి, గాలిలో కాదు. ప్రతి ఆటకీ ముందు ముగ్గురితోనూ ఒక్కొక్కసారి, తర్వాత ముగ్గురితో ఒకేసారి పదిసార్లు నొక్కించి చూడండి. పదిలో ఒకే దీపం ఎనిమిది తొమ్మిది సార్లు వెలిగితే ఆట మొదలుపెట్టకండి, నాకు ఫోను చెయ్యండి.